గీత పడిన కాపీ

నాకు కాగితం చదవకుండా జిరాక్స్ తీయడం రాదు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. కులం సర్టిఫికెట్లు, పట్టా పాసుపుస్తకాలు, కోర్టు నోటీసులు, పెళ్ళిచూపులకు పంపే బయోడేటాలు... అద్దం మీద బోర్లా పెట్టేలోపు ఒక్కసారి కన్ను తిప్పితే చాలు, ఎవరింట్లో ఏం ఉడుకుతోందో తెలిసిపోతుంది. మా ఆవిడ దీన్ని రోగం అంటుంది. నేను జాగ్రత్త అంటాను.

మొన్న మంగళవారం పొద్దున ఒకాయన షాపుకు వచ్చాడు. ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీసి, పది కాపీలు కావాలన్నాడు. మా ఊరు భద్రాచలం నుంచి పర్ణశాల పోయే దారిలో ఉంటుంది కాబట్టి కొత్త ముఖాలు రోజూ చూస్తూనే ఉంటాను. అయినా కొత్త ముఖం కనబడితే నాకు ముందు అనుమానం, తర్వాతే నమస్కారం. కాగితం అందుకుని అలవాటు ప్రకారం చదివాను. మరణ ధ్రువీకరణ పత్రం. ఊరు మధిర. పేరు చూడగానే చెయ్యి ఆగింది.

ఆ పేరు ఇక్కడ రాయను. ఆ పేరుతో ఆమెను మా ఊళ్ళో ఒక్కరూ పిలవలేదు. అందరికీ సిస్టరమ్మ.

ఆయన ఆమెకు సొంత తమ్ముడట. ఆమె ఇక్కడి సర్కారు దవాఖానలో పనిచేసిన నాటి సర్వీసు రికార్డు కావలసి వచ్చి, తెల్లవారకముందే బస్సెక్కాడట. మిషన్ వేడెక్కాలి, కాసేపు కూర్చోమన్నాను. నిజానికి మిషన్ అప్పటికే వేడిగా ఉంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఆమె మా షాపు వెనక గదిలో కిరాయికి దిగింది. ఒక రేకు పెట్టె, ఒక చిన్న పాత టీవీ, పాత చీరలో మూటకట్టిన ఒక అట్టపెట్టె. వెంట మొగుడు లేడు, పిల్లలు లేరు. మనిషి పొట్టి, నలభై దాటిన వయసు. నడుస్తుంటే వెనక ఎవరో తరుముతున్నట్టు నడిచేది. మా షాపుకూ ఆమె గదికీ మధ్య ఒకటే గోడ. పొద్దున డ్యూటీకి పోతూ షాపు ముందు ఒక్క క్షణం ఆగి, ‘చాయ్ తాగినవా అన్నా?’ అని అడిగేది. జవాబు కోసం ఆగేది కాదు. నేను తాగానో లేదో ఈమెకెందుకు అని మొదటి వారమంతా ఆలోచించాను.

బుధవారం బుధవారం టీకాల డబ్బా భుజానికి తగిలించుకుని వాగు దాటి అడవిలోని గూడేలకు పోయేది. ఆటో దిగాక నాలుగు కిలోమీటర్లు నడక. పాత సిస్టర్లు వాగు ఇవతలే కూర్చుని, తల్లుల్ని పిల్లలతో సహా ఇక్కడికే రమ్మని కబురు పెట్టేవాళ్ళు. ఈమె తానే పోయేది. ఎందుకు పోతుంది, అంత పని ఏముంది అని నాకు అప్పుడే ఒక మెలిక పడింది. తన పని తాను సరిగ్గా చేసే మనిషిని చూస్తే మావంటి వాళ్ళకు అనుమానం రావడం సహజమే.

రెండో అనుమానం గోడ తెచ్చిపెట్టింది. మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చాక ఆమె గదిలోంచి ‘టుయ్ టుయ్ టుయ్’ మని ఒకటే చప్పుడు. చివర ‘డభ్’ మని ఒక పేలుడు, తర్వాత ఒక నిట్టూర్పు. మళ్ళీ మొదలు. వైర్లెస్ సెట్టేమో అనుకున్నాను. గోడకు చెవి ఆనించి నిలబడ్డ సమయంలో మా ఆవిడ చూడనే చూసింది. ఆమె టీవీ, ఆమె కరెంటు, కందకు లేని దురద కత్తిపీటకెందుకని అడిగింది. అడిగి ఊరుకోకుండా తానే పోయి చూసి వచ్చి, సిస్టరమ్మ టీవీ గేమ్ ఆడుతోందనీ, ఇమానం ఆట అనీ చెప్పింది.

సర్కారు ఉద్యోగం చేసే ఆడమనిషి, నడివయసులో, తలుపేసుకుని టీవీ గేమ్ ఆడుతుందా? నేను నమ్మలేదు. మీటరు చూడాలనే వంకతో ఒకరోజు నేనే పోయాను.

నిజంగానే ఆడుతోంది. అట్టపెట్టెలో ఉన్నది పాతకాలపు ఆటల డబ్బా, దానిలో దోపే పసుపు రంగు క్యాసెట్టు. ఎప్పుడో భద్రాచలం నవమి ఉత్సవాల అంగట్లో కొన్నదట. ఆ క్యాసెట్టులో చాలా ఆటలున్నాయి గానీ ఆమె ఆడేది ఒక్కటే. అందరూ క్యాసెట్టులోకి ఉఫ్‌మని ఊదుతారు కదా, ఈమె ఊదదు. దూదిని స్పిరిట్‌లో ముంచి దాని పళ్ళు తుడిచి, ఆరేదాకా ఆగి, సూది వేసేముందు చేసినంత శ్రద్ధగా లోపలికి దోపుతుంది. తర్వాత పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది.

తెర మీద ఎడమవైపు చిన్న అంతరిక్ష నౌక ఒకటి. దాన్ని ఆమె ‘నా బండి’ అనేది. కింద కొండలు, పైన వేలాడే బండలు, కొండల మీద తుపాకులు, ఎదురుగా గుంపులు గుంపులుగా శత్రువుల ఓడలు. తెర దానంతటదే కుడి నుంచి ఎడమకు జరిగిపోతుంటుంది. ఆగడానికి లేదు, వెనక్కి మళ్ళడానికి అసలే లేదు. బండి పైకి పోతే ఆమె మెడ పైకి పోయేది, కిందికి దిగితే భుజం వంగేది. శత్రువులకు పేర్లు పెట్టింది. గుండ్రంగా తిరుగుతూ వచ్చేది మలేరియా. గుంపుగా వచ్చేవి డెంగీ దోమలు. ఒకదాని పేరు అంబులెన్సు డ్రైవరు. అది పిలిస్తే రాదు, వస్తే నెత్తిన పడుతుంది.

ఆ ఆటలో ఏడు మజిలీలు, మూడు ప్రాణాలు. మూడూ పోతే మొదటికి రావాలి. కరెంటు పోయినా మొదటికే. పక్కన పాల్వంచలో రాత్రింబవళ్ళు కరెంటు తయారవుతూనే ఉంటుంది, మా ఊళ్ళో మాత్రం నాలుగు చినుకులు పడితే పోయేది. ఆరో మజిలీ దాటి ఏడోదానిలో అడుగుపెట్టాక కరెంటు పోయిన రోజు నేను అక్కడే ఉన్నాను. నేనైతే ఆ డబ్బాను నేలకేసి కొట్టేవాణ్ణి. ఆమె చీకటి పడ్డ తెర వంక ఒకసారి చూసి, ‘మళ్ల మొదలు’ అని లేచి బియ్యం కడగబోయింది.

ఎన్నిసార్లు ఓడినా అదే ఆట ఎందుకని అడిగాను.

‘ఎక్కడి నుంచి వస్తదో తెలిస్తే భయమెందుకన్నా? ఒక్కొక్కటి గుర్తుపెట్టుకుంటున్న. రాసుకుంటున్న గూడ,’ అంది.

ఏం రాసుకుంటోందో నేను అడగలేదు. అడిగితే చూపించేదే. కానీ అనుమానం ఉన్నవాడు అడగడు, కనిపెట్టాలనుకుంటాడు. అప్పటినుంచి ఆమె ఏడో మజిలీ దాటడం కోసం ఎంత పట్టుదలగా ఉందో, ఆమె గుట్టు పట్టడం కోసం నేనూ అంతే పట్టుదలగా ఉన్నాను. పైకి మాత్రం రోజూ, ‘గెలిచినవా సిస్టరమ్మా?’ అని నవ్వుతూ అడిగేవాణ్ణి. ఇంకా కాలేదు, ఒక్కటే మిగిలింది అనేది. అది దాటాలన్నది ఆమె కోరిక. నాకు తెలిసి ఆమెకు ఇంకో కోరిక లేదు.

ఒకరోజు మా ఆవిడ యథాలాపంగా అంది, సిస్టరమ్మ కిరాణా కొట్లో ఎర్ర స్టిక్కర్ బొట్లు ప్యాకెట్లకు ప్యాకెట్లు కొంటోందని. ఆమె నుదుట ఎప్పుడూ ఒక నల్ల చుక్కే. మరి ఎర్ర బొట్లన్నీ ఏమవుతున్నాయి?

ఆ రోజుల్లో మా వైపు ప్రతి మనిషి మీదా రెండు అనుమానాలుండేవి. పోలీసుల మనిషా, అడవి లోపలి నక్సలైట్ల మనిషా? ఏదీ కాదని తేలితే అనుమానం ఇంకా ఎక్కువయ్యేది. జిరాక్స్ షాపుల వాళ్ళను స్టేషనుకు పిలిచి, తేడాగా కనిపించే కాగితం ఏదొచ్చినా చెప్పమని ఎస్సై గారు అంతకు ముందే చెప్పి ఉన్నారు. మిగతా షాపుల వాళ్ళు తలూపి మరిచిపోయారు. నేను మరిచిపోలేదు. నాకు అంతకుమించి పని అప్పగించినవాళ్ళు లేరు మరి.

ఒక శుక్రవారం పొద్దున ఆమె హడావిడిగా షాపులోకి వచ్చింది. చంకలో పొడుగాటి కాగితం చుట్ట. అందులోంచి ఒక పెద్ద కాగితం విడదీసి ఇచ్చింది. చెమట చేతులకు నలిగిపోతోందట, లామినేషన్ చేయాలట. ఎర్ర బొట్లు ఊడకుండా చూడమంది. మిగతావి ఒక్కొక్కటే తర్వాత ఇస్తానని, ఆటో కూత వినబడి పరుగెత్తింది.

కాగితం పరిచి చూశాను. వెనక పోలియో చుక్కల పోస్టరు, దానిమీద నవ్వుతున్న పిల్ల. ముందువైపు పెన్నుతో గీసిన కొండలు, వాటి మధ్య సందులు, గుహలు. కొండల మీద అక్కడక్కడ అంటించిన ఎర్ర బొట్లు. బాణం గుర్తులు. పక్కన గుండ్రటి అక్షరాలు: ‘ఇక్కడ నక్కి ఉండాలె. పైనుంచి ముగ్గురు వస్తరు. కింది సందు నుంచి పోవాలె.’

ఆ ఆట నేను చూసినవాణ్ణే. ఇవి ఆ ఆటలోని కొండలేనని తట్టలేదా అంటే, తట్టింది. అబద్ధం ఎందుకు? కానీ మరుక్షణమే ఇంకో బుద్ధి పుట్టింది. ఆట ఒక సాకేమో, అసలు పని ఇదేమో! వాగవతల కొండలూ ఇట్లాగే ఉంటాయి కదా! అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు పెద్దలు. లామినేషన్ చేసేముందు నాకోసం ఒక కాపీ తీసుకున్నాను. ఎర్ర బొట్లన్నీ నల్లగా పడ్డాయి. రంగు పోయేసరికి అవి బొట్ల మాదిరిగా లేవు. ఎక్కడో ఏదో పాతిపెట్టిన గుర్తుల్లా ఉన్నాయి. అసలు కాగితాన్ని లామినేషన్ చేసి సాయంత్రం ఆమెకిచ్చేశాను.

ఆ కాపీకి ఎడమ అంచున పైనుంచి కిందికి సన్నటి నల్ల గీత పడింది. రెండు రోజుల ముందు ఎవరో పట్టా కాగితాలకున్న పిన్ను తీయకుండా ఇచ్చారు. అది మిషన్‌లో పడి లోపలి డ్రమ్ము గీరుకుపోయింది. ఖమ్మం నుంచి మెకానిక్ వచ్చేదాకా నా షాపులో తీసిన ప్రతి కాపీకీ ఆ గీత తప్పలేదు.

శనివారం హెడ్ కానిస్టేబుల్ ఏవో సెలవు కాగితాలు జిరాక్స్ చేయించుకోవడానికి వచ్చాడు. నేను ఆ కాపీని మడతపెట్టి ఆయన కాగితాల మధ్య పెట్టాను. నా పేరు రాకూడదని మాత్రం గట్టిగా చెప్పాను.

సోమవారం పొద్దున ఆమెను స్టేషనుకు పిలిచారు. గది వెతికి చుట్ట మొత్తం పట్టుకుపోయారు. అక్కడ జరిగింది తర్వాత హెడ్డే నాకు చెప్పాడు, పొట్ట పట్టుకుని నవ్వుతూ. ముందు ఆమె చేతికి నేనిచ్చిన కాపీ ఇచ్చి ఇదేందని అడిగారట. ఆమె చాలాసేపు దాన్ని చూసిందట. అంచు మీద వేలితో పైనుంచి కిందికి ఒకసారి రాసిందట. తర్వాత, ‘ఇది ఆట సార్. డబ్బా తెప్పించుండ్రి, చూపిస్త,’ అందట. ఎవరూ నమ్మలేదు. సరే చూద్దామని టీవీని, ఆటల డబ్బాను జీపులో తెప్పించారు. ఆమె స్పిరిట్ దూది అడిగి, క్యాసెట్టు తుడిచి, బల్ల మీద చుట్ట పరిచి ఆడటం మొదలుపెట్టింది. కాగితం మీద బొట్టు ఉన్నచోటల్లా తెర మీద తుపాకీ. బాణం ఉన్నచోటల్లా సందు. గంట గడిచేసరికి స్టేషను మొత్తం ఆమె వెనక నిలబడి, మేడమ్ పైకి, మేడమ్ కిందికి అని దారి చెబుతోందట. ఎస్సై గారు తానూ ఒక చెయ్యి వేసి, మొదటి మజిలీలోనే మూడు ప్రాణాలూ పోగొట్టుకున్నారట.

తప్పు తెలిసి వాళ్ళు మర్యాద చేయబోయారు. చాయ్ తాగించారు. ఇంటి దగ్గర దింపి రమ్మని జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టి పంపారు. కాగితాల చుట్టను మాత్రం, పై అధికారులకు రాసి ఉన్నాము కాబట్టి ఫైల్లో ఉండాలని ఉంచేసుకున్నారు.

సోమవారం మా ఊరి సంత. వాగవతలి గూడేల వాళ్ళందరూ చింతపండు, ఇప్పపూలు తట్టల్లో పెట్టుకుని వచ్చే రోజు. జీపు సంత మధ్యలోంచే రావాలి. నేను షాపు మెట్టు మీద నిలబడి చూశాను. హారన్ కొట్టుకుంటూ వచ్చి మా వాకిట్లో ఆగింది. ముందు సీట్లోంచి సిస్టరమ్మ దిగింది. వెనక ఒక కానిస్టేబుల్ ఆమె టీవీని రెండు చేతులతో ఎత్తుకుని, మేడమ్ ఎక్కడ పెట్టమంటారని అడుగుతున్నాడు. ఇంకొకాయన సెల్యూట్ లాంటిది కొట్టాడు. సంతలో బేరాలు ఆగిపోయాయి. తట్టల వెనక కూర్చున్న గూడేల ఆడవాళ్ళు ఆమెను చూశారు. ఆమె వాళ్ళను చూసింది. ఆమెకు పరిచయం లేని ముఖం వాటిలో ఒక్కటీ లేదు. నవ్వబోయి, మానుకుని, లోపలికి పోయింది.

బేడీలు వేసి తీసుకుపోయినా ఆమెకు అంత నష్టం జరిగేది కాదు. పోలీసులు పట్టుకుపోయిన మనిషిని చూసి గూడేలు జాలిపడతాయి. పోలీసులు మర్యాదగా దింపిన మనిషి దగ్గరికి పిల్లల్ని పంపవు.

మంగళవారం మెకానిక్ వచ్చి డ్రమ్ము మార్చాడు. గీత పోయింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య దేనికో నాకు తెలుసు.

బుధవారం ఆమె ఎప్పటిలాగే, ‘చాయ్ తాగినవా అన్నా?’ అని అడిగి డబ్బా తగిలించుకుని వాగు దాటింది. సాయంత్రం తిరిగొచ్చి మా మెట్టు మీద కూర్చుని చెప్పులు కడుక్కుంటూ, ఒక్క తల్లి కూడా రాలేదని మా ఆవిడతో చెప్పింది. డబ్బాలో మందు సీసాలు పోయినవి పోయినట్టే తిరిగి వచ్చాయి. రెండో బుధవారమూ అంతే. మూడో బుధవారం గూడెం పెద్ద ఒకాయన వాగు ఒడ్డుదాకా ఎదురొచ్చి ఆమెను అక్కడే ఆపాడట. ఆయన మాట ఆమె మా ఆవిడకు చెబుతుంటే నేను షాపులో కాగితాలు సర్దుతున్నట్టు నటిస్తూ విన్నాను.

‘నువ్వు మంచిదానివే సిస్టరమ్మా. నీ ఎనక ఎవరొస్తరో మాకు తెల్వదు.’

ఆ మూడు వారాలూ గోడ అవతల చప్పుడు లేదు. నేను షాపులో కూర్చుని ఆ టుయ్ టుయ్ కోసం చెవి ఒగ్గేవాణ్ణి. పోయి నిజం చెప్పేద్దామని రెండుసార్లు లేచాను. రెండుసార్లూ గిరాకీ వచ్చింది. గిరాకీ రాకపోయినా నేను పోయేవాణ్ణి కాదు.

ఆమె బదిలీకి దరఖాస్తు పెట్టుకుంది. ఇట్లా తొందరపడితే ఎట్లా, నాలుగు రోజులాగితే జనమే మరిచిపోతారని మా ఆవిడ బతిమాలింది.

‘టీకా నాలుగు రోజులు ఆగదొదినా. నేను పోతే ఇంకో సిస్టర్ వస్తది. ఆమె చేతికి పిల్లల్ని ఇస్తరు. నేనున్నన్ని రోజులు ఎవ్వరు ఇయ్యరు,’ అంది ఆమె.

బదిలీ మధిరకు వచ్చింది. అడవి లేని ఊరు, వాగు దాటే పని లేదు, రైలు స్టేషను పక్కనే. అందరూ అదృష్టమన్నారు. పోయే రోజు రేకు పెట్టె, టీవీ, చీరలో మూటకట్టిన అట్టపెట్టె ఆటోలో పెట్టాను. ఆ పూట నేను చేయగలిగిన ప్రాయశ్చిత్తం సామాను మోయడమే. ఆమె మా ఆవిడ చేతులు పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత నా వైపు తిరిగింది.

‘అన్నా, నీ మిషన్ల గీత పడుతుండె. బాగైందా?’

బాగైందని చెప్పాను.

‘మంచిది,’ అని ఆటో ఎక్కింది.

ఆటో మలుపు తిరిగాక గాని నా బుర్ర పనిచేయలేదు. ఆ గీత నా మిషన్‌కు ఉన్నది ఒక్క వారం. ఆ వారంలో ఆమె నా దగ్గర ఒక్క కాగితమూ జిరాక్స్ తీయించుకోలేదు. ఆ గీత ఆమె చూడగలిగింది ఒకే ఒక కాగితం మీద. స్టేషనులో, ఆమె చేతిలో పెట్టిన కాపీ మీద. అసలు కాగితం ఆమె ఇచ్చింది నా ఒక్కడి చేతికే కాబట్టి, అంచున గీత చూసి అది ఏ షాపు మిషన్‌లోంచి వచ్చిందో ఆమె పోల్చుకుంది. ఆ సోమవారం నుంచి ఆమె పోయే రోజుదాకా నెల పైమాటే. ఆ నెలంతా ఒక్క పొద్దు కూడా తప్పకుండా, నా షాపు ముందు ఆగి చాయ్ తాగినవా అన్నా అని అడిగింది. ఈ సంగతి మా ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు.

కొత్త సిస్టర్ వచ్చిన రెండో నెలకు తల్లులు పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. ఆమె అన్నట్టే జరిగింది.

‘మిషన్ వేడెక్కిందా సార్?’ అన్నాడు సిస్టరమ్మ తమ్ముడు.

లేచాను. మీ అక్క ఇక్కడే, ఈ వెనక గదిలోనే కిరాయికి ఉండేదని చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. జిరాక్స్ అన్న అంటే మీరేనా అన్నాడు. అక్క మీ గురించి చెబుతుండేదన్నాడు. ఏం చెప్పిందని అడిగాను. ఆ అడగడంలో కూడా అనుమానమే ఉంది, దాచుకోను.

‘రోజు గెలిచినవా అని అడిగేటోడని చెప్పేది. గట్ల అడిగేటోళ్ళు మళ్ల దొరకలేదనేది.’

చివరికి ఆ ఏడో మజిలీ దాటిందా అని అడిగాను.

‘లేదు సార్. మధిరకొచ్చినంక ఆ మూట ఇప్పనే లేదు. గిప్పటికి చీర ముడి గట్లనే ఉన్నది.’

నేను కాగితాన్ని అద్దం మీద బోర్లా పెట్టాను. పది కాపీలు తీశాను. ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి ఎడమ అంచు చూశాను. వేలితో పైనుంచి కిందికి రాసి మరీ చూశాను. ఆయన ఓపిగ్గా నిలబడ్డాడు. అడిగింది పది. ఈసారి పదే తీశాను.